పాత మాక్‌లో మా వారి ప్రయాణం

ఐర్లండ్‌ని తూర్పు నుంచి పడమటి అంచుదాకా చూడాలంటే నాలుగు రోజులు చాలు. 2021 జులై 12 సోమవారం బయల్దేరి నేనూ మా అమ్మాయి హైమా చూసి, 15 గురువారం తిరిగొచ్చాం. కారు నడిపింది హైమ. దారి వేసింది మా వారు. ఆయన మాతో లేరు. ఆ ఏడాది జనవరి 19న పోయారు.

ఈ దారిన వెళ్లాలనుకునేవాళ్ల కోసం చూసినవి చూసినట్టు రాస్తున్నాను. అయితే ముందు ఒక కంప్యూటర్ సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే మేం ఎక్కడ ఎందుకు ఆగామో అర్థం కాదు.

ప్రెస్‌లో దొరికింది

మేమిద్దరం 2020 ఫిబ్రవరి 22న తెనాలి నుంచి ఆడమ్స్‌టౌన్‌లో ఉన్న హైమ ఇంటికి మూడు నెలలు ఉందామని వచ్చాం. మార్చిలో కరోనాతో అన్నీ మూతబడ్డాయి. ఇంటి నుంచి రెండు కిలోమీటర్లు దాటకూడదన్నారు, తర్వాత అయిదన్నారు. మా వారు ముప్ఫయ్యొక్క ఏళ్లు కాలవల మీద ఓవర్సీరుగా చేసిన మనిషి. ఏ తూము ఏ గంటకి ఎత్తాలి, ఏ వంతు ఎప్పటికి అయిపోవాలి అన్నదే ఆయన ఉద్యోగం. కిటికీ దగ్గర ఊరికే కూచోలేక, తెనాలి నుంచి తెచ్చుకున్న విండోస్ ల్యాప్‌టాప్‌లో ప్రయాణాలు ప్లాను వేసే సాఫ్ట్‌వేర్ తెరిచారు. రిటైరయ్యాక కొనుక్కున్నది. మేం వెళ్లిన ప్రతి ఊరూ ముందు అందులో వెళ్లి వచ్చాకే నిజంగా వెళ్లేవాళ్లం.

ఆయన పద్ధతులు మూడు. అన్నీ నిమిషాలతో రాస్తారు. రేపటి పేజీ రేపు పొద్దున్న తప్ప చూపించరు, మజిలీ కింద రాసిన మాట ఆ మజిలీలోనే చదివిస్తారు. ప్రతి మజిలీకీ 'సందేహాలకు 15 ని.' అని విడిగా ఉంచుతారు. అది నా కోసం. నేను లెక్కల టీచర్ని, ఏదీ అడక్కుండా వదలను.

డిసెంబరులో జులైకి ప్లాను వేసి ముగించారు. అప్పటికి బయటికి వదిలేస్తారులే అన్నారు. జనవరిలో జబ్బు చేసింది. ఆసుపత్రిలోకి మమ్మల్ని రానివ్వరు. నర్సు టాబ్లెట్ పట్టుకుంటే చూసేవాళ్లం. 16న డాక్టరు హైమకి ఫోన్ చేసి, ఆయన కొంచెం తికమక పడుతున్నారని చెప్పింది. 17న నేనొక్కదాన్నే మాట్లాడాను. ఆయన మాస్కు పక్కకి లాగి, "పద్నాలుగున రెండింటికి నీళ్లుండవు. నడిచి వెళ్లిపోవచ్చు" అన్నారు.

"ఊరికే మాట్లాడకండి. పడుకోండి" అన్నాను.

నర్సు టాబ్లెట్ తిప్పేసింది. ఆయనతో నేను అన్న ఆఖరి మాట అదే. అంత్యక్రియలకి పదిమందినే రానిచ్చారు. ఆ మాట ఆ పదిమందిలో ఎవరికీ చెప్పలేదు, హైమకి కూడా.

మార్చిలో ఆయన ల్యాప్‌టాప్ వెలగడం మానేసింది. కానీ ఆదివారం ఆదివారం అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేవారు కనక ప్లాను మిగిలింది, సాఫ్ట్‌వేర్ కూడా మిగిలింది. ఇంట్లో ఉన్నవన్నీ యాపిల్ వాళ్ల మాక్ కంప్యూటర్లు. ఆ సాఫ్ట్‌వేర్ విండోస్‌లో తప్ప నడవదు. విండోస్ లేకుండానే విండోస్ సాఫ్ట్‌వేర్ నడిపే ఉపాయం ఒకటి ఉందని హైమ ప్రయత్నించింది. తెరుచుకుంది గానీ మ్యాపు తెల్లకాగితంలా వచ్చింది, తెలుగు మాటలన్నీ డబ్బాలైపోయాయి. తన కొత్త మాక్‌లో ఏకంగా విండోసే పెడదామంటే, దాని లోపలి యంత్రం వేరే రకమట, పాత విండోస్ అందులో కూచోదట. చివరికి ప్రెస్‌లో పాత బట్టల కింద ఆరేళ్ల కిందటి మాక్ దొరికింది. ఇక్కడ అలమరని ప్రెస్ అంటారు. దాన్ని రెండు వాటాలు చేసి, ఒక వాటాలో విండోస్‌ని అద్దెకి దింపినట్టు దింపింది. మూడు సాయంత్రాలు పట్టింది. బ్యాటరీ మాత్రం పూర్తిగా చచ్చిపోయింది, గోడకి తగిలిస్తేనే వెలుగుతుంది.

జులై 11 సాయంత్రం మొదటి రోజు పేజీ తెరిచాం, మర్నాడు తెల్లవారకముందే బయల్దేరాలేమోనని. ఆ ఒక్కసారికి పద్ధతి తప్పాను.

5-00 ఇల్లు. 5-30 మెయ్‌నూత్, కాలవ. 8-30 భోజనం, అత్లోన్, నది ఒడ్డు. 3-00 రాత్రి భోజనం. 5-00 నిద్ర.

హైమ పేజీని కిందికీ పైకీ జరిపి చూసింది. "అమ్మా, ఇది డిసెంబర్‌లో వేసింది కదా. అప్పటికే నాన్నకి స్టార్ట్ అయిందేమో" అంది.

ఏది మొదలైందో అడగలేదు. రాసినట్టే వెళ్దామన్నాను.

ఆ రాత్రి నాకున్న లెక్క ఇది. ఈ ప్లాను తప్పుల తడకైతే ఆసుపత్రిలో ఆయన అన్నది కలవరింతే, నేను పడుకోమనడంలో తప్పు లేదు. కానీ నీళ్ల వేళలు ఎన్నడూ తప్పని మనిషికి చివరికి మతి తప్పిందని ఒప్పుకోవాలి. ప్లాను సరైనదైతే ఆయన తెలివిగానే ఏదో చెప్పబోయారు, నేను నోరు మూయించాను. రెంటిలో ఏది నిజమైతే మేలో నాకే తెలియలేదు. పద్నాలుగో తారీఖు పేజీ మూడో రోజుది. అది ముందే తెరిచి చూడవచ్చు. చూడలేదు.

మెయ్‌నూత్, 5-30

మెయ్‌నూత్ యూనివర్సిటీ ఊరు. ఆ వేళకి విద్యార్థులు లేరు, ఎవరూ లేరు. కాలవ నీళ్ల మీద పొగమంచు, ఒక హంస, కుక్కని తిప్పుతున్న ఒక పెద్దాయన. ఆయన రెండు మీటర్ల దూరంలో ఆగి, పొద్దు గ్రాండ్‌గా ఉందన్నాడు. ఇక్కడ అన్నీ గ్రాండే. కాలు విరిగినవాణ్ని ఎలా ఉన్నావని అడిగినా గ్రాండ్ అంటాడు. కంప్యూటర్‌కి కరెంటు ఎక్కడ దొరుకుతుందని అడిగాను. ఈ వేళప్పుడు దేవుడి దగ్గర కూడా దొరకదన్నాడు.

మా కాలవల్లో లాగా ఇక్కడ నీళ్లు పొలాలకి పోవు. పడవల కోసం తవ్వి, పడవలు పోయాక అలాగే ఉంచేశారు. గట్లు మాత్రం చక్కగా ఉన్నాయి. మా వారు చూస్తే గట్టు మీద గడ్డి ఎవరు కోస్తారని అడిగి ఉండేవారు. కింద రాసిన మాట చదవలేకుండానే బయల్దేరాం.

అత్లోన్, 8-30

అత్లోన్ షానన్ నది ఒడ్డున ఉంది. డబ్లిన్ వెళ్లే రైలూ గాల్వే వెళ్లే రైలూ ఆగే ఊరు. హోటళ్లలో లోపల కూచోనివ్వడం ఇంకా మొదలు కాలేదు, ఏదైనా బయటి బల్లల దగ్గరే. అవి కూడా తెరవలేదు. నది ఒడ్డున బెంచీ మీద ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర విప్పాం. పేజీలో భోజనం అని ఉంది కాబట్టి భోజనమే చేయాలన్నాను. హైమ ముద్ద చేతిలో పట్టుకుని నది వైపు చూస్తూ కూచుంది.

అప్పుడు వెనక నుంచి "ఇంగువ వాసనొచ్చి ఆగాను. తెలుగువాళ్లా ఆంటీ?" అని వినబడింది.

ముప్ఫయ్యేళ్లు దాటిన అమ్మాయి, పేరు సౌజన్య, ఒంగోలు. ఇక్కడ మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది, నైట్ షిఫ్ట్ దిగి ఇంటికి పోతోంది.

"ఎనిమిదిన్నరకి భోజనమేంటి ఆంటీ, నాలాగా మీరు కూడా నైట్ షిఫ్టా?"

"మా వారు ఈ టైముకే రాశారమ్మా."

"అంకుల్ గారు స్ట్రిక్టా?"

"చాలా" అన్నాను. హైమ తల తిప్పుకుంది. సంగతి చెప్పాను.

ఆ అమ్మాయి ఉండేది పక్క వీధే. ఇంట్లో ఇంకో ముగ్గురు అద్దెకి ఉన్నారు, పెద్దవాళ్లని లోపలికి పిలవడానికి భయమని చెప్పి, కిటికీలోంచి పొడుగాటి వైరు బయటి గోడ మీదికి అందించింది. గోడ మీద మాక్ పెట్టి, దాంట్లో విండోస్ తెరిచి, అత్లోన్ మీద నొక్కాం. 'లాకులో పడవ దిగడానికి 12 నిమిషాలు. వీడియోలో చూశాను. కొలవాలి. సందేహాలకు 15 ని.' అని ఉంది.

వైరు చుడుతూ సౌజన్య తన సంగతి చెప్పింది. మే నెలలో వాళ్లమ్మ ఒంగోల్లో పోయింది. టికెట్లు లేవు, వెళ్లినా తిరిగి రానివ్వరు. అంత్యక్రియలు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఫోన్ నిలబెట్టుకుని చూసిందట. బ్రేకు అయిపోయాక లేచి మళ్లీ మాస్కు కట్టుకుని లైన్లోకి వెళ్లిందట. ఏడిచావా అని అడిగాను. మాస్కు తడిస్తే మార్చుకోవాలి, దానికి మళ్లీ సంతకం పెట్టాలి ఆంటీ అంది. మిగిలిన పులిహోర ఇచ్చాం. ఆమె గోంగూర పచ్చడి సీసా గోడ మీద పెట్టి వెనక్కి జరిగింది, నేను తీసుకున్నాను. మా వైపు ఎవరైనా ఇలా చేతికివ్వకుండా కింద పెడితే మాట వచ్చేది. ఆ ఏడాది అదే మర్యాద.

లాకు తెరిచేదాకా ఉండి, మొదటి పడవ దిగడం గడియారం పెట్టి చూశాను. సరిగ్గా పన్నెండు నిమిషాలు.

హైమకి చూపించాను. "అది వీడియోలో చూసిందే కదమ్మా" అంది మెల్లిగా.

మూడింటికి రాత్రి భోజనం చేశాం. అయిదింటికి, అత్లోన్‌లోనే దిగిన గదిలో పడుకున్నాను. ఎండ పరదాలోంచి మంచం మీద పడుతోంది. కిటికీ కింద కారులో కూచుని హైమ, ఇంటి దగ్గరున్న మా అల్లుడితో ఫోన్లో మాట్లాడడం వినబడింది. అమ్మ ఏమీ ఒప్పుకోదు, నేను కూడా ఊరుకుంటున్నా అంటోంది. ఊళ్లు, దూరాలు అన్నీ సరిగ్గా ఉన్నాయి, వేళలే తప్పు. తప్పు ఎంతో కూచుని లెక్క వేయవచ్చు. జీవితమంతా లెక్కలు చెప్పినదాన్ని, ఆ ఒక్క లెక్క వేయడానికి భయం వేసింది.

గాల్వే, 7-30

రెండో రోజు నాలుగున్నరకే లేచి పేజీ తెరిచాం. గాల్వేలో ఏడున్నరకి నది మీద వంతెన దగ్గర ఒక గంట ఆగాలి. ఊరు నిద్రలో ఉంది. షట్టరు ఎత్తుతున్న ఒక మంగలి షాపతను కనబడ్డాడు. నెలల తరబడి మూసి ఉంచి ఈ మధ్యనే తెరిచాడట. గడప బయట కుర్చీ వేసి, ప్లగ్గు చూపించాడు. ఈ యంత్రానికి జబ్బా అని అడిగాడు. గోడని వదిలితే ప్రాణం పోతుందన్నాను. మా మామగారు కూడా బార్ బల్లని వదిలితే అంతే అన్నాడు.

అప్పుడే విండోస్ తనంతట తాను అప్‌డేట్ మొదలుపెట్టింది. ఆపవద్దు అని రాసింది. మాక్ వాటాలో ఇలాంటి గొడవ లేదు, అద్దెకున్న వాటాలోనే. యాభై రెండు నిమిషాలు కూచున్నాం. ఈలోగా అతను ముగ్గురికి క్షవరం చేశాడు. కాగితపు కప్పులో టీ తెప్పించుకుంటే రెండు యూరోల ఎనభై సెంట్లు. ఆ డబ్బుకి తెనాలిలో వీధి వీధంతా తాగొచ్చు. మూడో మనిషికి గడ్డం గీస్తుండగా మజిలీ మాట తెరుచుకుంది. 'వంతెన మీంచి కిందకి చూస్తే సాల్మన్ చేపలు. ఎండ పైన ఉంటేనే కనబడతాయి.'

వంతెన మీద నిలబడ్డాం. ఎండ ఇంకా ఏటవాలుగా ఉంది. నీళ్ల మీద మెరుపే తప్ప ఒక్క చేప కనబడలేదు. హైమ నా చేతిలోంచి ఖాళీ కప్పు తీసుకుని చెత్తబుట్టలో వేసింది. సందేహాలకి పదిహేను నిమిషాలున్నాయి. నేనేమీ అడగలేదు.

అక్కడి నుంచి క్లిఫ్డెన్ దాకా రాళ్లు, బురద నేల, గొర్రెలు. మనుషులు తక్కువ.

ఓమీ, 9-30

జులై 14. క్లిఫ్డెన్‌లో మేం దిగిన ఇంటి గదిలో, మంచం పక్క ప్లగ్గుకి తగిలించి, మూడో రోజు పేజీ తెరిచాను. 9-30 ఓమీ దీవి. సముద్రం నడిచి దాటడం. 11-00 లోపు వెనక్కి.

'నడిచి' అన్న మాట దగ్గర నా చూపు ఆగిపోయింది. హైమని త్వరగా తయారవమన్నాను.

తొమ్మిదిన్నరకి రెండు నిమిషాల ముందే ఒడ్డున ఉన్నాం. ఎదురుగా దీవి, అర కిలోమీటరు పైన ఉంటుంది. మధ్యలో దారి చూపించే గుంజలు వరసగా నీళ్లలో నిలబడి ఉన్నాయి. కొన్నిటికి పై కొసలు మాత్రమే కనబడుతున్నాయి. నీళ్లు మా కాళ్ల దగ్గర రాళ్లని తాకుతున్నాయి. ఇసక ఎక్కడా లేదు.

హైమ నా భుజం మీద చెయ్యి వేసింది. "నాన్న చాలా ట్రై చేశారమ్మా. ఇంక చాలు. పద, చలిగా ఉంది."

ఆ క్షణాన నాకు తేలికగా అనిపించింది. అది కూడా రాయాలి. నేను తప్పు చేయలేదన్నమాట అనుకున్నాను. వెంటనే, ముప్ఫయ్యొక్క ఏళ్లు ఒక్క వంతు తప్పని మనిషిని ఇలా నీళ్ల ముందు తప్పుబట్టి వెళ్లిపోతున్నానని సిగ్గేసింది.

రోడ్డు పక్క ఇంటి ముందు ఒక ముసలాయన ట్రాక్టరు తుడుస్తున్నాడు. దీవి మీద ఆయన గొర్రెలున్నాయట. దాటడానికి వచ్చామని చెప్తే నవ్వలేదు. ఇప్పుడైతే ఈదాలి, ఆటుకి నీళ్లు వెనక్కి పోయాక రెండింటికి రండి, నేను కూడా అప్పుడే వెళ్తాను అన్నాడు. ఎంతసేపు ఉంటుందని హైమ అడిగింది. నాలుగు దాకా ఫరవాలేదు, మూడున్నరకల్లా వెనక్కి వచ్చేస్తే మంచిదన్నాడు.

రెండింటికి. మూడున్నరకి.

రెండులోంచి తొమ్మిదిన్నర తీస్తే నాలుగున్నర. మూడున్నరలోంచి పదకొండు తీస్తే నాలుగున్నర. ఎనిమిదిన్నరకి నాలుగున్నర కలిపితే ఒంటిగంట, మధ్యాహ్న భోజనం. మూడుకి కలిపితే ఏడున్నర, రాత్రి భోజనం. నేను రెండు రోజులుగా వేయని లెక్క ఒడ్డు మీద నిలబడి అర నిమిషంలో వేశాను.

మా వారి ల్యాప్‌టాప్ గడియారం ఐర్లండ్ వచ్చాక కూడా తెనాలి టైములోనే ఉండేది. మార్చమంటే, ఇంటికెళ్లాక మళ్లీ మార్చాలి, ఎందుకు అనేవారు. ఆ సంగతి నా డైరీలో ఉంది: 'ఒంటిగంటకి అన్నానికి పిలిస్తే, కంప్యూటర్ చూసి, అయిదున్నరైంది టీ కదా అని వేళాకోళం.' ఐర్లండ్ వేసవిలో ఇండియా కన్నా నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది. ఆయన ఇక్కడి వేళలే రాశారు. ఆ గడియారం వాటిని తెనాలి వేళలుగా దాచుకుంది. ఐర్లండ్ టైములో నడిచే మాక్‌లో తెరిచేసరికి విండోస్ బుద్ధిగా ప్రతిదాన్నీ నాలుగున్నర గంటలు వెనక్కి తోసింది.

హైమకి చెప్పాను. తను సాఫ్ట్‌వేర్ మనిషి, నేను సగంలో ఉండగానే కారు దగ్గరికి పరిగెత్తింది. ముసలాయన వరండాలో ప్లగ్గు ఇచ్చాడు. హైమ విండోస్ వాటాలో గడియారాన్ని ఇండియాకి మార్చి, సాఫ్ట్‌వేర్ మూసి మళ్లీ తెరిచింది.

9-30 ఇల్లు. 10-00 మెయ్‌నూత్. 1-00 భోజనం, అత్లోన్. 7-30 రాత్రి భోజనం. 9-30 నిద్ర. రెండో రోజు, 12-00 గాల్వే వంతెన, ఎండ నడినెత్తిన. మూడో రోజు, 2-00 ఓమీ.

"టైమ్ జోన్" అంది హైమ. మూడు సాయంత్రాలు కూచుని విండోస్ పెట్టింది తను. విండోస్ అడిగిన మొదటి ప్రశ్న అదేనట, ఏ దేశంలో ఉన్నారని. ఐర్లండ్ అని తనే నొక్కిందట.

మజిలీ మీద నొక్కాం. 'చెప్పులు విప్పనక్కర్లేదు. ఇసక గట్టిగా ఉంటుంది. సందేహాలకు 15 ని.'

రెండు గంటలు

నాలుగు గంటలకి పైగా ఆ వరండాలో కూచుని సముద్రం వెనక్కి పోవడం చూశాం. కాలవలో నీళ్లు తగ్గినట్టే ఉంది. ముందు గుంజల మెడలు, తర్వాత నడుములు, తర్వాత వాటి చుట్టూ తడి మచ్చలు. ముసలాయన టీ ఇచ్చి, మీటరు దూరంలో నిలబడి, ఆ మెషీన్లో ఏముందని అడిగాడు. మా ఆయన అన్నాను. తల ఊపి, మరి అడగలేదు.

కారుకి తాళం వేసి, ముసలాయన ట్రాక్టరు ముందు వెళ్లనిచ్చి, రెండు గంటల నాలుగు నిమిషాలకి ఇసక మీద కాలు పెట్టాం. ఆ నాలుగు నిమిషాలూ మా ఆలస్యమే.

హైమ చెప్పులు విప్పబోయింది. అక్కర్లేదన్నాను.

ఇసక నిజంగానే గట్టిగా ఉంది. దీవి మీద పాడుబడిన గుడి ఒకటి, గొర్రెలు, గాలి. ఒక రాతి మీద కూచున్నాం. హైమ తన గడియారం చూసి, "సందేహాల టైమ్ అమ్మా" అంది. నవ్వించాలని అంది.

"నాకేం లేవు" అన్నాను. "నీకో సంగతి చెప్పాలి."

జనవరి 17న ఆయన అన్నది చెప్పాను. నేను అన్నది కూడా, ఉన్నదున్నట్టు, ఆరు నెలల తర్వాత మొదటిసారి.

హైమ చెప్పు కొసతో ఇసక కెలికింది. "డాక్టర్‌తో కూడా ఇదే అన్నారమ్మా. సీలో వాకింగ్ అంటున్నారు, మీకేమైనా తెలుసా అని నన్నడిగింది. తెలీదన్నాను. మే బీ హీ ఈజ్ కన్‌ఫ్యూజ్డ్ అని నేనే అన్నాను."

అంటే తికమక అన్న మాట ముందు అన్నది డాక్టరు కాదు, హైమే. ఇద్దరం పక్కపక్కన కూచున్నాం. హైమ ఏడ్చింది, ఏడవనిచ్చాను. నన్ను క్షమించడానికి ఆయన లేరు. హైమని క్షమించడానికి నేనున్నాను. ఆ మాటే చెప్పాను.

పదిహేను నిమిషాలు దాటాయి. మా వారు ఉంటే లేవమనేవారు. లేచి, మా అడుగుల గుర్తుల మీదుగానే వెనక్కి నడిచాం. అప్పటికే కొన్ని గుంజల మొదళ్ల దగ్గర నీళ్లు తిరిగి చేరుతున్నాయి.

సరిగ్గా మూడున్నరకి ఇవతలి ఒడ్డున ఉన్నాం.